కాలికి తగిన సైకిలు

సీటుపై కూర్చుండగా పాదము నేలకందినచో సైకిలు మనకు సరిపోయినదని తలతుము. ఒకప్పుడట్లు కాదు. 1870 దశకమున ఇంగ్లండునందు వాడుకకు వచ్చిన పెద్దచక్రపు సైకిలునకు పెడళ్లు ముందుచక్రపు ఇరుసునకే తగిలించియుండెడివి. చక్రమెంత పెద్దదో వేగమంత హెచ్చు. కాని కాలందవలెను గదా! కావున కాలి పొడవును బట్టియే చక్రమును ఎన్నుకొనెడివారు. పొడుగుకాళ్లవానికి అయిదడుగుల చక్రమును దక్కెడిది.

1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ సైకిలును వెలువరించెను. గొలుసు వెనుకచక్రమును త్రిప్పుటచే కాలికిని చక్రమునకును లంకె తెగినది. లోకమునకు మేలే జరిగినది. కొలత మాత్రము తప్పనిసరి కాకపోయెను.

ఆ కొలత విలువను బెల్జియము వీరుడు ఎడ్డీ మెర్క్స్ శరీరమే తెలిపినది. 1969లో ఫ్రాన్సునందలి బ్లువా పందెపుబాటపై పడి ఆయన కటిభాగము తీవ్రముగా దెబ్బతినెను. మోటారు సైకిలుపై ఆయనకు ముందు నడచుచుండిన ఫెర్నాండ్ వాంబ్‌స్ట్ మరణించెను. అటుపిమ్మట మెర్క్స్ నొప్పికి తాళలేక సీటును మాటిమాటికి ఎత్తుచు దించుచు, పందెము నడుమను సవరించుకొనెడివాడు. 1972లో మెక్సికో నగరమున గంటలో 49.431 కిలోమీటర్లు త్రొక్కినది ఈ నడుముతోనే!

నేడు ఈ సవరణను ఫిజియోథెరపిస్టులును చేయుచున్నారు. ముందు బల్లపై పరుండబెట్టి తుంటి ఎంత వంగునో, కాళ్లు రెండును సమానమో చూతురు. పిదప సైకిలెక్కించి, పెడలు అడుగునకు చేరినప్పటి మోకాటి వంపును కొలుతురు. అది 25 మొదలు 35 డిగ్రీలుండిన మేలందురు. సీటు మరీ ఎత్తయిన తుంటి అటునిటు ఊగును, మోకాటి వెనుక నొప్పి పుట్టును. మరీ క్రిందయిన మోకాటిచిప్ప వద్ద నొప్పి. పాదము నేలకు నిండుగా అందవలెనని మనము దించుకొను సీటు తరచుగా ఈ రెండవదే.