నాగలికి తగిలిన పనిముట్ల పెట్టె



మీ కొట్టంలో పద్నాలుగో నంబరు స్పానర్ ఎక్కడుందో ఇప్పటికిప్పుడు చెప్పగలరా? మొన్నటిదాకా నేనైతే చెప్పలేను. పోయిన నెల రాత్రిపూట మోటారు ఆగిపోతే దానికోసం గంట వెతికా. యూరియా సంచుల కింద దొరికింది, తుప్పు పట్టి. ఈలోపు మడికి నీళ్ళు అందలేదు, కరెంటూ పోయింది. ఆ కోపంలోనే పనిముట్లకి గట్టి స్టాండొకటి కట్టుకోవాలని కూర్చున్నా. ఎట్లా కట్టాలా అని చదువుతుంటే ఒక రైతు సంగతి కంటపడింది. మన ఊరాయన కాదులెండి, స్వీడన్ రైతు.

ఆ దేశంలో గాట్‌లాండ్ అని ఒక దీవి ఉంది. అక్కడ మాస్టర్‌మిర్ అనే చిత్తడి నేలలో నీళ్ళు తీసేసి సాగులోకి తెచ్చారు. 1936లో ఒక రైతు ఆ నేల దున్నుతుంటే నాగలికి ఏదో అడ్డం తగిలింది. మనమైతే రాయి అనుకుని తిట్టుకుంటాం. తీరా చూస్తే ఓక్ చెక్క పెట్టె, దాని చుట్టూ ఇనుప గొలుసు! లోపలా పక్కనా కలిపి 200కి పైగా వస్తువులు. సుమారు వెయ్యేళ్ళ కిందటివి.

ఏమున్నాయంటారా? గొడ్డళ్ళు, బాడిసలు, రంపాలు, బరమాలు, ఆకురాళ్ళు, సుత్తులు, పట్టకార్లు, చిన్న దాగళ్ళు, మేకులు చేసే ఇనుము, తాళాలు, గంటలు, తూకం వేసే కాటా. అంటే కమ్మరం, వడ్రంగం రెండూ తెలిసిన మనిషి సామానన్నమాట. పెట్టె పొడవు సుమారు రెండు మూరలు, వెడల్పు జానెడు దాటి కొంచెం. కుసి దించి బిగించారు, మూతకి ఇనుప బందులు, తాళం. గాలి తగలని బురదలో ఉండబట్టి చెక్క కూడా పుచ్చకుండా నిలిచింది. ఇప్పుడది స్టాక్‌హోమ్ మ్యూజియంలో ఉంది.

అప్పట్లో అక్కడ నీళ్ళు నిలిచి ఉండేవి, దాటేటప్పుడు పడిపోయి ఉంటుందని ఒక ఊహ. నాకు మాత్రం ఆ పెట్టె పోగొట్టుకున్న మనిషే గుర్తొస్తున్నాడు. కూడు పెట్టే సామానంతా ఒక్క పూటలో మునిగిపోతే ఆ ఏడాది ఆ ఇల్లు ఎట్లా గడిచిందో!

మన దగ్గర ఈ బాధ రైతుకి తక్కువగా ఉండేది. కమ్మరి కొలిమి, వడ్రంగి చావడి ఉండేవి, సామాను వాళ్ళ దగ్గరే. కర్రు కాల్చినా, బండి చక్రం బాగు చేసినా కల్లంలో మేర కొలిచేవాళ్ళం. ట్రాక్టర్లు, బోరు మోటార్లు వచ్చాక కొలిములు ఆరిపోయాయి, నట్లూ బోల్టులూ మన కొట్టంలోకి వచ్చిపడ్డాయి. వాటికి చోటు మాత్రం మనం చూపలేదు.

ఇక స్టాండు విషయం. ఫ్రాన్సులో రూబో అని ఒక వడ్రంగి ఉండేవాడు. దొర కాదు, పని చేసి బతికినవాడు. వడ్రంగం మీద పెద్ద గ్రంథం రాశాడు, మొదటి భాగం 1769లో వచ్చింది. అందులో పని బల్ల బొమ్మ ఉంది. పైచెక్క మందం ఐదారు అంగుళాలు! కాళ్ళు ఓక్‌వి, కింద సామాను పెట్టే పలకలు, ఒక సొరుగు, పక్కన ఉలులు గుచ్చే పట్టీ. అంత మందం దేనికంటే చిత్రిక పట్టేటప్పుడు బల్ల కదలకూడదు. బరువే దాని బలం.

ఇది నాకు ముందే తెలిస్తే బాగుండేది. నేను చేసిన మొదటి స్టాండుకి సన్న పైపు కాళ్ళు పెట్టి, పైన గ్రైండర్ బిగించా. కొడవలి పదును పెడుతుంటే మొత్తం నా మీదికి ఒరిగింది. చెయ్యి తీసేశాను గాబట్టి సరిపోయింది.

ఇప్పుడు పాత బండి తుమ్మ దుంగలు కోయించి నడుమెత్తున కాళ్ళు పెట్టా, పైకన్నా అడుగున వెడల్పుగా. కింది అరలో ట్రాక్టర్ పాత సామాను, సమ్మెటలు, గొలుసులు. ఆ బరువుకి స్టాండు ఇక కదలట్లేదు. మధ్యలో రెండు సొరుగులు. వెనక పలకకి స్పానర్లు వరుసగా, ఒక్కోదాని వెనకాల దాని ఆకారం సుద్దతో గీశా. ఏది లేదో దూరం నుంచే కనబడుతుంది. నిన్న సాయంత్రం పన్నెండో నంబరు చోటు ఖాళీగా కనిపించింది. మా తమ్ముడు తీసుకెళ్ళాడు, ఇంకా తేలేదు.