పనిచోటి దెబ్బల లెక్క

పనిలో ఎవరు గాయపడ్డారు, ఎలా గాయపడ్డారు, ఎన్నాళ్లు మంచాన పడ్డారు అని రాసిపెట్టడం పరిశ్రమలతో పాటే పుట్టిన పద్ధతి. రోగాల సంగతి అంతకంటే పాతది. ఇటలీ వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700లోనే కుమ్మరులకు, గనివాళ్లకు వచ్చే జబ్బులను వృత్తులవారీగా వర్ణించాడు. ఎంతమందికి వచ్చాయన్న లెక్క మాత్రం ఆయన పుస్తకంలో లేదు. బ్రిటన్ 1844 ఫ్యాక్టరీ చట్టం ప్రమాదం జరిగితే సర్కారు గుర్తించిన సర్జన్‌కు తెలపాలంది. 1884లో జర్మనీ ప్రమాద బీమా తెచ్చాక ఏ పరిశ్రమలో ఎంత అపాయముందో తేలకుండా యజమానుల వంతు కట్టడం కుదరలేదు. అంకెకు డబ్బుతో ముడిపడింది అప్పుడే.

మన దేశంలో 1881 ఫ్యాక్టరీ చట్టంతో మిల్లుల మీద తనిఖీ మొదలైంది. గనుల్లో కదలిక రావడానికి చావులు కావలసివచ్చాయి. 1897లో తెలుగు కూలీలు పెద్దసంఖ్యలో పనిచేసే కోలారు బంగారు గనుల్లో 52 మంది, బలూచిస్తాన్‌లోని ఖోస్త్ బొగ్గు గనిలో 47 మంది చనిపోయారు. 1901లో గనుల చట్టం వచ్చింది, 1902లో కలకత్తాలో తనిఖీ కార్యాలయం వెలిసింది. ఇప్పుడు ధన్‌బాద్‌లో ఉన్న గనుల భద్రతా సంచాలనాలయం దాని వారసురాలే. సింగరేణిలో జరిగే ప్రమాదాల లెక్క చేరేదీ అక్కడికే.

కార్మికుల పరిహార చట్టం 1923లో వచ్చి, 1924 జులై 1 నుంచి అమలైంది. దాని మొదటి షెడ్యూలు శరీరాన్ని శాతాల్లోకి విడగొట్టిన పట్టిక. దాని చివరి రూపంలో బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, మధ్యవేలికి 12, ఉంగరపు వేలికో చిటికెన వేలికో 7. రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. చదవడానికి కటువుగా ఉన్నా, గాయాలను ఒకే కొలతతో పోల్చే వీలు దీనివల్లే కలిగింది. అదే 1923లో జెనీవాలో కార్మిక గణాంకవేత్తల తొలి అంతర్జాతీయ సమావేశం జరిగి, ప్రమాదాల లెక్క ఎలా కట్టాలో చర్చించింది.

ఎన్ని గాయాలన్నది ఒక్కటే తెలిస్తే చాలదు, ఎన్ని గంటల పనికి అన్నదీ తెలియాలి. 1966లో వచ్చిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం పది లక్షల పని గంటలకు ఎన్ని గాయాలో అది ప్రమాదాల రేటు. నాలుగు వందల మంది తలా 2,500 గంటలు పనిచేస్తే సరిగ్గా పది లక్షలు. ఆ ఏడాది ఐదుగురు గాయపడితే రేటు 5. తీవ్రత కొలవడానికి పోయిన పనిదినాలు కూడతారు. చనిపోయినవాడి ఖాతాలో వేసేది 6,000 రోజులు.

1948 ఫ్యాక్టరీల చట్టం నేటి పద్ధతికి పునాది. మరణం గాని, 48 గంటలు లేదా అంతకుమించి పనికి రాలేనంత గాయం గాని అయితే 88వ సెక్షన్ కింద ఇన్‌స్పెక్టర్‌కు నోటీసు పంపాల్సి ఉండేది. ఎవరికీ ఏమీ కాకపోయినా పేలుడు, లీకేజీ వంటివి తెలపాలని 88-ఏ చెప్పేది. ఆ కాగితాలు రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖకు, అక్కడినుంచి 1946లో ఏర్పడిన లేబర్ బ్యూరోకు, ముంబయిలోని ఫ్యాక్టరీ సలహా సేవల సంచాలనాలయానికి చేరతాయి. దారిలో చిక్కులు బోలెడు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. వాళ్లు ఊళ్లో నిద్రిస్తున్నవాళ్లు, షిఫ్టులో ఉన్నవాళ్లు కారు. కార్మిక గాయాల పట్టికలో వాళ్లకు గడి లేదు.

ఉన్న అంకెలనైనా కొంచెం అనుమానంగా చూడాలి. 2017 నుంచి 2020 దాకా దేశంలోని రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏడాదికి సగటున 1,109 మంది చనిపోగా, గాయపడినవాళ్లు నాలుగు వేల పైచిలుకే. అంటే ఒక చావుకు నాలుగు గాయాలు. బ్రిటన్‌లో 2022-23లో పనిలో చనిపోయినవాళ్లు 135, యజమానులు తెలిపిన గాయాలు 60,645. అక్కడ ఏడు రోజులు మించి పని మానితేనో, ఎముక విరగడం వంటి పెద్ద గాయమైతేనో తెలపాలి. మన 48 గంటల నిబంధన ఇంకా కఠినమైనది. అయినా గాయాలు ఇంత తక్కువంటే మన యంత్రాలు మెత్తనివని ఎవరూ అనరు. శవాన్ని దాచలేరు. వేలు తెగినవాణ్ణి మాత్రం కట్టు కట్టించి, నాలుగు రోజుల కూలీ చేతిలో పెట్టి ఇంటికి పంపేయొచ్చు.

జబ్బుల లెక్క మరీ అన్యాయం. ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సీసపు విషం, సిలికోసిస్ సహా 29 రోగాలుండేవి, వాటిని చూసిన డాక్టరు కూడా ప్రధాన ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సి ఉండేది. కానీ సిలికోసిస్ బయటపడేసరికి ఏళ్లు గడుస్తాయి. రాళ్లు కొట్టినవాడు అప్పటికి సొంతూరు చేరి ఉంటాడు, చీటీ మీద క్షయ అని ఉంటుంది.

హైదరాబాద్ తూర్పున ఎల్‌బీ నగర్ పక్కనున్న మన్సూరాబాద్ వంటి చోట్ల ఈ లెక్క ఎంతవరకు అందుతుందో చూడటం తేలిక. అక్కడ ఎక్కువగా కనిపించేవి పెద్ద ఫ్యాక్టరీలు కావు, కాలనీలు, లేస్తున్న ఇళ్లు. మేస్త్రీ, సెంట్రింగ్‌వాళ్లు, ఇద్దరు ముగ్గురు కూలీలు. మిల్లర్ వచ్చి స్లాబు పోసే రోజు తప్ప పదిమంది ఒకచోట ఉండరు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వర్తించింది పదిమంది, ఆపైన ఉన్న పనులకే. పరంజా మీది నుంచి పడి ఒకరు చనిపోతే పోలీసులు పంచనామా రాస్తారు, అది జాతీయ నేర రికార్డుల బ్యూరో ప్రమాద మరణాల నివేదికలో ‘ఎత్తు నుంచి పడటం’ కింద చేరుతుంది. ఇంటి మేడ మీంచి జారిన పిల్లవాడిదీ అదే వరుస. నడుం విరిగి బతికితే ఆ వరుసా లేదు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య నియమావళి ఫ్యాక్టరీల చట్టంతో కలిపి 13 చట్టాల స్థానంలో నిలిచింది. 48 గంటల నోటీసు అలాగే ఉంది. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పదిమంది సరిపోయేవారు, ఇకమీదట ఇరవై మంది కావాలి. పదిమందికి తక్కువున్న ఇంటి కట్టుబడి మునుపటిలాగే లెక్కకు బయటే ఉంది.