మన అక్షరం – మన చరిత్ర (17): షెల్ఫు మీది బైబిల్‌ను కిందికి దించుదాం



ఈ భాగం ముఖ్యంగా గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వైపు ఉన్న మన ఆర్‌సీఎం కుటుంబాల కోసం రాస్తున్నాను. మిగతా వాళ్లూ చదవండి. అక్షరం ఎవరి చేతిలో ఉండాలన్న పాత కొట్లాటలో ఇది కూడా ఒక అధ్యాయమే.

సింగరేణి కాలనీల్లో కతోలిక ఇల్లు అంటే గోడకు మరియమాత పటం, కింద షెల్ఫు మీద జపమాల, పక్కన బైబిల్. పెండ్లికో, పిల్లల భద్రమైన అభ్యంగనానికో ఎవరో ఇచ్చిన బైబిల్ అయి ఉంటుంది. చాలా ఇండ్లల్లో దాని పేజీలు ఇంకా ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. పక్క లైన్‌లో ఉండే పెంతెకోస్తు అన్న అధ్యాయం, వచనం నంబర్లతో సహా చెప్తుంటే మనవాళ్లు "మాకు ఫాదర్ చెప్తడు గదా" అని ఊరుకుంటారు. దీన్ని బద్ధకం అని తీసిపారేయడం తేలిక. కానీ అలవాటుకు కూడా చరిత్ర ఉంటుంది. ఈ అలవాటు వెనక నాలుగు వందల ఏండ్ల చరిత్ర ఉంది.

యూరప్‌లో ప్రొటెస్టెంట్ తిరుగుబాటు లేచాక కతోలిక శ్రీసభ ట్రెంట్ మహాసభ పెట్టింది. 1546లో ఆ సభ లాటిన్ బైబిల్‌నే ప్రామాణికమని తేల్చింది. 1564లో వచ్చిన నిషిద్ధ గ్రంథాల నియమాల ప్రకారం మాతృభాషలో బైబిల్ చదవాలంటే పైవాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి. జనం సొంతంగా చదివితే సొంతంగా ఆలోచిస్తారు, సొంతంగా ఆలోచిస్తే చీలిపోతారు అన్న భయం అది. తర్వాత నియమాలు సడలినా భయం పోలేదు. పూజ లాటిన్‌లోనే సాగింది. జనానికి మిగిలింది జపాలు, జ్ఞానోపదేశం కంఠస్థం, పండుగలు.

ఇక తెలుగు నేల సంగతి. లూథరన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720లు, 30లలోనే బైబిల్‌ను తెలుగులోకి తెచ్చే పని చేశాడు. అది అచ్చు కాలేదు. 1818లో సెరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చయి వచ్చింది. ఈ పని అంతా ప్రొటెస్టెంట్లది. మరి వాళ్లకంటే ముందే తెలుగు నేల మీద అడుగుపెట్టిన కతోలికులు ఏం చేశారు? కర్ణాటక మిషన్ యేసుసభ గురువులు సన్యాసుల్లా కాషాయం కట్టి, ముందుగా పై కులాలకు చేరాలని చూశారు. 18వ శతాబ్దంలో మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే పద్యకావ్యంగా రాశాడు. తెలుగు సాహిత్యం పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఆ పద్యాల నేర్పును నేను తక్కువ చేయను. కానీ ఆ కావ్యం అర్థం కావాలంటే ముందు ప్రబంధం చదివి ఉండాలి. మాల, మాదిగ వాడలకు బడే లేని కాలం అది. క్రీస్తు కూడా మన దగ్గరికి ఛందస్సు కట్టుకొని వస్తే మనం ఎట్ల గుర్తుపడతాం?

అంటే మన తాతలకు బైబిల్ రెండు తాళాల వెనక ఉంది. ఒకటి కులం వేసిన తాళం, రెండోది లాటిన్ వేసిన తాళం.

మన బొగ్గు నేల విషయానికి వద్దాం. వరంగల్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. ఇటాలియన్ పీమే గురువులు కట్టిన మేత్రాసనం అది, కాజీపేట ఫాతిమానగర్ దాని కేంద్రం. గోదావరికి ఇవతల ఉన్న మన గోదావరిఖని ఈ లాటిన్ సంప్రదాయం కిందికి వస్తుంది. నది దాటితే మంచిర్యాల, బెల్లంపల్లి. అక్కడ కేరళ నుంచి వచ్చిన సీరో మలబార్ గురువుల పని. మొదట చాందా కింద ఉండి, 1999లో ఆదిలాబాద్ మేత్రాసనంగా విడిపోయింది. ఆ సభ పూజకు మూలభాష సిరియాక్. ఒకే గోదావరి, ఒకే కంపెనీ, ఒకే వాడల నుంచి వచ్చిన జనం. ఇటు ఒడ్డున లాటిన్ వారసత్వం, అటు ఒడ్డున సిరియాక్ వారసత్వం. రెండూ మన అమ్మలు మాట్లాడిన భాష కాదు.

ఈ మధ్యలో వాడను నిలబెట్టింది ఉపదేశి. ఫాదర్ ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. రోజూ జపం చెప్పించింది, చావుకు బతుక్కు నిలబడింది, పిల్లలకు ఓనమాలు దిద్దించింది ఉపదేశులే. చాలామంది మన కులాల వాళ్లే. మన కతోలిక చరిత్రలో బిషప్పుల పేర్లు దొరుకుతాయి, ఉపదేశుల పేర్లు దొరకవు. వాడలో మొదటి పాఠకుడు ఎవరని అడిగితే నేను ఉపదేశినే చూపిస్తాను.

రెండో తాళం 1960లలో ఊడింది. అంతకుముందే 1943లో పన్నెండవ పయస్ పోపు, మూలభాషల నుంచి బైబిల్‌ను అధ్యయనం చేయమని, అనువదించమని దారి తెరిచారు. 1963లో వాటికన్ మహాసభ పూజలో జనభాషకు చోటిచ్చింది. 1965 నవంబర్ 18న దైవవాక్కు మీద చట్టాన్ని 2,344 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడినవి 6 ఓట్లు మాత్రమే. విశ్వాసులందరికీ బైబిల్ సులభంగా అందాలి, అందరూ తరచుగా చదవాలి అన్నది అందులోని సారం. దయచేసి గమనించండి: ఇది సలహా కాదు, శ్రీసభ అత్యున్నత సభ చేసిన చట్టం. రామగుండం ప్రాంతంలో బాయిలు తెరుచుకుంటున్నది కూడా సరిగ్గా ఆ ఏండ్లల్లోనే. కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి మనవాళ్లు తట్టా చెమ్మాసూ పట్టుకొని ఫిల్లర్లుగా భూమిలోకి దిగుతున్న కాలంలో, రోమ్‌లో వాళ్ల చేతికి ఒక పుస్తకం ఇవ్వాలని తీర్మానం జరిగింది. తర్వాత 73 పుస్తకాల తెలుగు కతోలిక బైబిల్ వచ్చింది. యేసుసభ గురువు పూదోట జోజయ్య గారి ‘బైబులు భాష్య సంపుటావళి’ వాడుక తెలుగులో ఉంది, తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగా దొరుకుతుంది.

మరి తాళాలు తీశాక కూడా తలుపు ఎందుకు తెరుచుకోలేదు?

షిఫ్టుల బతుకు ఒక కారణం. నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషికి నిద్రే పెద్ద ప్రార్థన. కానీ అంతకంటే లోతైన కారణం ఇంకొకటి ఉంది. ఆదివారం ప్రసంగాల్లో "మీ విశ్వాసాన్ని బహిరంగంగా జీవించండి" అంటారు. మంచి మాటే. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా సంగతి ఆ ప్రసంగంలో రాదు. హిందువు కానివాడు ఎస్సీ కాడని అందులో రాసి ఉంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. క్రైస్తవులకు సవరించలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతును తీసేయమని చెప్పినా కదలలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన దళితుడికి దక్కేది బీసీ-సీ కింద ఒక్క శాతం. సింగరేణి ప్రభుత్వ సంస్థ, ఉద్యోగాలకు రోస్టర్ ఉంది. కాబట్టి ఈ నేల మీద "నేను క్రైస్తవుణ్ణి" అనే మాటకు ధర ఉంది, ఆ ధర పిల్లల నౌకరీ. ఆ ధర చెల్లించలేక గొంతు తగ్గించుకున్న వాళ్లను నేను పిరికివాళ్లు అనను. ధర పెట్టిన చట్టాన్ని అడుగుతాను. అయితే ఒక్క మాట: ఇంట్లో కూర్చొని ఒక అధ్యాయం చదవడానికి ఏ తహసీల్దారు సంతకమూ అక్కర్లేదు.

ఇక్కడ మన అంబేద్కరైట్ మిత్రులు అడుగుతారు: "మేడమ్, మీరు మనోళ్లను మళ్లీ చర్చిలోకి నెడుతున్నరా?" న్యాయమైన ప్రశ్న. బాబాసాహెబ్ మతం మారిన అంటరానివాళ్ల స్థితి మీద రాసినప్పుడు చర్చిని వదిలిపెట్టలేదు. చర్చిలోనూ కులం ఎట్ల కొనసాగిందో చూపించారు. ఇంకో పదునైన మాట కూడా అన్నారు. హిందువుగా ఉన్నప్పుడు నీ దుస్థితికి నీ కర్మ కారణమని చెప్పారు, క్రైస్తవుడయ్యాక పూర్వీకుల పాపం కారణమని చెప్తున్నారు, రెండుచోట్లా తప్పు నీదే అయింది, నిన్ను తొక్కిన సమాజం మాత్రం తప్పించుకుంది. ఆయన విమర్శ సారం ఇది.

ఈ విమర్శకు నాకు దొరికిన జవాబు బైబిల్‌లోనే ఉంది. నిర్గమకాండం 5వ అధ్యాయం తీయండి. ఇటుకలు చేసే బానిసలకు ఫరో గడ్డి ఇవ్వడం ఆపేస్తాడు. లెక్క మాత్రం తగ్గదు. లెక్క తప్పితే దెబ్బలు, పైగా సోమరులన్న నింద. టార్గెట్ అంటే ఏమిటో తెలిసిన బొగ్గుబాయి మనిషికి దీనికి వ్యాఖ్యానం కావాలా? ఆ బానిసలతో దేవుడు "ఇది మీ పాపఫలం" అని ఎక్కడా అనడు. వాళ్ల మొర విన్నానంటాడు, ఫరో దగ్గరికి మనిషిని పంపుతాడు. మనకు చెప్పింది సగం బైబిల్. మిగతా సగం మనమే చదువుకోవాలి.

ఇంకో అధ్యాయం, యోబు గ్రంథం 28. జనం నడిచే నేలకు దూరంగా గనులు తవ్వేవాళ్లు, లోపల వేలాడుతూ ఊగేవాళ్లు, చీకటికి హద్దుపెట్టి రాళ్లు వెతికేవాళ్లు అందులో కనిపిస్తారు. పైన నేల తిండి పెడుతుంటే కింద దాని కడుపు తలకిందులవుతోందని ఆ కవి గమనించాడు. ఇంతా తవ్వగలిగిన మనిషికి జ్ఞానం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ఓబీ గుట్టల నీడలో, ఓపెన్‌కాస్ట్ బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారిన ఇంట్లో కూర్చొని చదివితే ఆ ప్రశ్న వేరుగా వినిపిస్తుంది.

మూడోది, కతోలిక బైబిల్‌లో ఉండి 66 పుస్తకాల ప్రొటెస్టెంట్ బైబిల్‌లో లేని సీరా గ్రంథం. 34వ అధ్యాయంలో పేదవాడి రొట్టె లాక్కోవడం వాడి ప్రాణం తీయడంతో సమానమని, కూలివాడి జీతం ఎగ్గొట్టడం నెత్తురు పారించడమేనని అర్థం వచ్చే మాటలున్నాయి. 1514లో క్యూబాలో బర్తొలొమే దె లాస్ కాసాస్ అనే గురువు ప్రసంగానికి తయారవుతూ ఈ అధ్యాయం దగ్గర ఆగిపోయాడు. తన కింద వెట్టి చేస్తున్న ఆదివాసులను వదులుకున్నాడు. తర్వాత జీవితమంతా వాళ్ల కోసం స్పెయిన్ రాజ్యంతో కొట్లాడాడు. అతనూ ఒక్కరోజులో మారిపోలేదు. ఆదివాసులకు బదులు ఆఫ్రికా బానిసలను తెమ్మని ఒక దశలో చెప్పాడు, అది ఘోరమైన తప్పని ఆ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. చదువు మొదలుపెట్టిన మనిషి ఇంకా చదవాల్సి ఉంటుందని దాని అర్థం.

విశ్వాసాన్ని జీవించడం అంటే నాకు ఇదే అర్థమైంది. ఒకే బాయి దగ్గర పర్మినెంట్ కార్మికుడికి ఒక కూలి, కాంట్రాక్ట్ కార్మికుడికి ఒక కూలి ఎందుకని సీరా గ్రంథం చదివిన కతోలికుడు అడగాలి. యూనియన్ మీటింగ్‌లోనూ అడగాలి, విచారణ సభలోనూ అడగాలి. శ్రీసభ లోపలి కులం గురించి కూడా అడగాలి. 2016లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద విధానపత్రం తెచ్చి, సభలో వివక్ష ఉందని ఒప్పుకుంది. 2022 ఆగస్టులో మన పూల ఆంతోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆయనే మొదటివారు. మనకు గర్వమే. కానీ ఆ పత్రం మన విచారణలో ఎంత అమలైందో అడగాల్సింది మనమే. అడగాలంటే ముందు చదివి ఉండాలి. చదివినవాడి ప్రశ్నను ఎవరూ తోసేయలేరు.

ఎట్ల మొదలుపెట్టాలి? మార్కు సువిశేషం 16 అధ్యాయాలే. రోజుకొకటి, 16 రోజులు. షిఫ్టు ఏదైనా ఇరవై నిమిషాలు చాలు. ఒక్కరే చదవకండి, లైన్‌లో నాలుగిండ్ల వాళ్లు కూర్చోండి. చదువు రాని పెద్దమనుషులు వింటారు, విన్నదాని మీద వాళ్లే ముందు మాట్లాడతారు. నికరాగ్వాలో సొలెంతినామె దీవుల జాలర్లు, రైతులు 1970లలో ఇట్లనే ఆదివారం సువిశేషం చదివి మాట్లాడుకుంటే, గురువు ఎర్నెస్తో కార్దెనల్ ఆ మాటల్ని రాసిపెట్టాడు. అవి లోకమంతా చదివింది. అక్కలు, చెల్లెండ్లు ముందుండండి. పూజలో పఠన సేవకు స్త్రీలను అధికారికంగా నియమించవచ్చని 2021 జనవరిలో పోపు ఫ్రాన్సిస్ చట్టమే మార్చారు. బిడ్డలతో గట్టిగా చదివించండి. అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెట్టి, ఆదివారం ఫాదర్‌ను అడగండి. మంచి గురువు సంతోషపడతాడు. చిరాకుపడితే ఇంకోసారి అడగండి.

పుస్తకం నలగనివ్వండి. బొగ్గు చేతుల మరక అంటితే అంటనివ్వండి.

వచ్చే భాగంలో దోర్నకల్ వెళ్దాం. సింగరేణి బొగ్గు రైలు ఎక్కిన ఆ ఊళ్లో 1912లో అజరయ్య బిషప్ అయ్యాక, చదువు రాని వాడలకు బైబిల్‌ను పాటగా ఎట్ల చేర్చారో మాట్లాడుకుందాం.

జై భీమ్.