డ్రాయింగు బల్ల నుండి ఎలక్ట్రానిక్ పలక వరకు

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి మీదుగా పడమరకు వెళ్ళినచో మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట కనిపించును. అచ్చంపేట, బంజపల్లి గ్రామాల మధ్య 1923లో ప్రారంభమైన ఈ నిర్మాణము 1931లో పూర్తియైనది. దీనికి సూత్రధారి హైదరాబాదు సంస్థానపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూర్. సుమారు 3 కిలోమీటర్ల పొడవుగల ఇట్టి కట్ట ఏదైనను రాతితో లేవకముందు కాగితముపై గీతలుగానే లేవవలెను.

ఆ కాలమున ఈ గీతలను ఎట్లు గీసెడివారు? సర్వేయరు మూడు కాళ్ళ ప్లేను టేబులును పొలములోనే నిలిపి, దూరపు గుర్తులను చూచుచు అక్కడికక్కడే పటము గీసెడివాడు. కచేరీలో డ్రాఫ్ట్సుమను టీ-స్క్వేరు, సెట్‌స్క్వేరుల సాయముతో దానిని ట్రేసింగు గుడ్డపై నల్లసిరాతో దిద్దెడివాడు. ఇనుప లవణములు పూసిన కాగితముపై ఆ గుడ్డను పరచి ఎండకు పెట్టి కడిగినచో, వెలుతురు సోకిన భాగము నీలముగా మారును. గీతలు తెల్లగా మిగులును. ఈ రసాయన విధానమును 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టెను. పనిస్థలానికి పంపే 'బ్లూ ప్రింటు' ఇదే.

ఈ పద్ధతిలో రెండు చిక్కులు కలవు. మొదటిది దిద్దుబాటు: సిరాగీతను బ్లేడుతో గీకి మరల గీయవలెను. రెండవది కొలత. 1 అంగుళానికి 100 అడుగుల చొప్పున గీసినచో 3 కిలోమీటర్ల కట్టకు దాదాపు 8 అడుగుల పొడవు కాగితము కావలెను. ఆ స్కేలులో అంగుళములో నూరవ వంతు తప్పు జరిగినను నేలపై 1 అడుగు తేడా వచ్చును.

ఈ చిక్కులను విడదీసే ఉపాయానికి బీజము పాతదే. తలముపై ఏ బిందువునైనను రెండు సంఖ్యలతో చెప్పవచ్చునని 1637లో డెకార్ట్ ప్రచురించిన గ్రంథము దారి చూపినది. నేడు హైస్కూలు విద్యార్థులు గ్రాఫు కాగితముపై గుర్తించే నిరూపకాలు ఇవే. 1963లో ఐవన్ సదర్‌లాండ్, కంప్యూటరు తెరపై కాంతికలముతో గీయగల 'స్కెచ్‌ప్యాడ్' అను పద్ధతిని రూపొందించెను. మరుసటి సంవత్సరము అమెరికాలోని ర్యాండ్ సంస్థ గీతపలకను ప్రకటించినది. దాని ఉపరితలము క్రింద అంగుళానికి 100 చొప్పున అడ్డముగా 1,024, నిలువుగా 1,024 సన్నని వాహకపు గీతలుండెను. అనగా పది లక్షలకు మించిన బిందువులు! కలము ఎక్కడ ఆనినదో ఆ స్థానము రెండు సంఖ్యలుగా కంప్యూటరుకు చేరెను.

నేటి అనేక పలకలలో కలమునకు బ్యాటరీ కూడ ఉండదు. పలకలోని తీగచుట్టలు విద్యుదయస్కాంత తరంగములను పంపును. కలములోని చిన్న తీగచుట్ట వాటికి అనునాదము చెంది, గ్రహించిన శక్తినే తిరిగి పంపును. ఏ చుట్టకు ఎంత బలముగా అది అందినదో లెక్కించి పలక స్థానమును నిర్ణయించును. గీత సంఖ్యయైన తరువాత దిద్దుబాటుకు బ్లేడు అక్కరలేదు. సంఖ్యను మార్చిన చాలును.

మరి నిజాంసాగరుకు దీనితో పనియేమి? కట్టిననాడు ఆ జలాశయము సుమారు 30 టి.ఎం.సి.ల నీటిని పట్టెను. మంజీరా తెచ్చిన ఒండ్రు అడుగున పేరుకొని, 1970లనాటికి ఆ సామర్థ్యము సుమారు 12 టి.ఎం.సి.లకు తగ్గినది. తరువాత నీటిమట్టమును పెంచి సుమారు 18కి తెచ్చిరి. తగ్గిన ప్రతి టి.ఎం.సి. క్రింది పొలాలకు అందని నీరే.

ఈ నష్టమును లెక్కించుట పటముల పనియే. జలాశయపు సమోన్నత రేఖలు చుట్టిన వైశాల్యములను, వాటి మధ్యగల ఎత్తులను బట్టి ఘనపరిమాణము తేలును. పాత కాగితపు పటమును పెద్ద పలకపై పరచి రేఖల వెంబడి గురిసాధనమును నడిపినచో అవన్నియు సంఖ్యలగును. వానిని క్రొత్త సర్వే సంఖ్యలతో పోల్చినచో ఒండ్రు ఎక్కడ ఎంత చేరినదో తెలియును. నాటి గీత నేటి గీతతో ఈ విధముగా మాటలాడును.

అయితే పలక తనంతట తాను నేలను కొలువదు. సర్వేయరు తప్పు కొలిచినచో పలక ఆ తప్పునే అతి చక్కగా గీయును. అందుచేత స్కేలు, కోణము, ప్రక్షేపము అను పాఠములను విద్యార్థి మొదట కాగితముపై చేతితో నేర్చుకొనుట ఎంతయు అవసరము. కలము మారినను, కొలత నిజముగా ఉండవలెనను నియమము మారలేదు.