యాకోబు బాట: పాపభారం నుంచి పనిభారం దాకా

స్పెయిన్ వాయవ్య మూలన, గలీసియా ప్రాంతంలో, శాంటియాగో దె కంపోస్తేలా అనే ఊరుంది. యేసు శిష్యుడైన యాకోబు సమాధి అక్కడి కేథడ్రల్‌లో ఉందని క్రైస్తవుల విశ్వాసం. 9వ శతాబ్దం తొలినాళ్లలో తెయోదొమీర్ అనే బిషప్ ఆ సమాధి దొరికిందని ప్రకటించాడు. అప్పటి నుంచి యూరప్ నలుమూలల జనం అక్కడికి కాలినడకన బయల్దేరారు. జర్మన్లు ఈ దారిని యాకోబ్స్‌వేగ్, అంటే యాకోబు బాట అంటారు.

మధ్యయుగపు యాత్రికుడు ప్రధానంగా పాపవిమోచనం కోసం నడిచాడు. జబ్బు నయమైతే వస్తానని మొక్కుకుని వెళ్లినవాళ్లూ, నేరానికి శిక్షగా న్యాయస్థానం పంపితే వెళ్లినవాళ్లూ ఉన్నారు. చేత కర్ర, భుజాన సంచి, టోపీకో అంగీకో కుట్టుకున్న ఆల్చిప్ప ఆ యాత్రికుడి గుర్తులు. 1495లో హెర్మన్ క్యూనిగ్ అనే జర్మన్ సన్యాసి తన భాషవాళ్ల కోసం ప్రాసపద్యాల్లో ఒక దారిపుస్తకం రాశాడు. స్విట్జర్లాండ్‌లోని ఐన్సీడెల్న్ మఠం దగ్గర దారి పట్టించి, తిరుగు ప్రయాణంలో ఆఖెన్ నగరానికి చేరుస్తాడు. ఏ సత్రంలో ఆదరిస్తారు, ఏ వంతెన దగ్గర సుంకం కట్టాలి, నాణేలు ఎక్కడ మార్చుకోవాలి అన్నవి అతనికి ముఖ్యం. భక్తి ఎంతున్నా కడుపూ కాళ్లూ మరవని మనిషి రాసిన పుస్తకమది. అందుకే ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ దారి కళ్లకు కడుతుంది.

కొద్ది దశాబ్దాలకే ఆ రద్దీ పలచబడింది. మతసంస్కర్త మార్టిన్ లూథర్ ఈ యాత్రలను గట్టిగా వ్యతిరేకించాడు. ఆ సమాధిలో ఉన్నది ఎవరి ఎముకలో ఎవరికి తెలుసని నిలదీశాడు. ప్రొటెస్టెంట్ ప్రాంతాల్లో ఆచారం ఆగిపోయింది. యుద్ధాలు మిగతాచోట్ల కూడా దారుల్ని కష్టం చేశాయి. 1589లో ఇంగ్లిష్ నౌకాదళం దాడి చేస్తుందనే భయంతో దాచిన అస్థికలు మళ్లీ దొరికింది 1879లోనే. వాటిని పోప్ 13వ లియో 1884లో ధ్రువీకరించినా, దారి మాత్రం పొదలపాలై ఉండిపోయింది.

దాన్ని మళ్లీ నడిచే దారిగా చేసిన ఘనత పెద్ద సంస్థలకంటే ముందు ఒక పల్లెటూరి మతగురువుకి దక్కాలి. ఆయన పేరు ఎలియాస్ వలీన్య. ఊరు సుమారు 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ‘ఓ సెబ్రేరో’. ఈ దారి చరిత్ర మీద పరిశోధన చేసిన వలీన్య 1980ల్లో కారులో పసుపు రంగు డబ్బాలు వేసుకుని బయల్దేరాడు. మలుపు మలుపునా చెట్టు మీదో, రాతి మీదో, గోడ మూల మీదో ఒక బాణం గుర్తు గీశాడు. భాష రాకపోయినా, మ్యాపు లేకపోయినా ఆ బాణం వెంట పోతే చాలు. 1987లో యూరప్ మండలి దీన్ని సాంస్కృతిక మార్గంగా ప్రకటించింది. 1993లో స్పెయిన్‌లోని ప్రధాన మార్గం యునెస్కో జాబితాకెక్కింది. 1986లో గమ్యం చేరి పేరు నమోదు చేయించుకున్నవాళ్లు సుమారు 2,500 మంది. 2006లో లక్ష దాటారు.

ఈలోగా నడిచేవాళ్ల బరువు మారింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టి, నాజీల కాలంలో అమెరికా చేరిన మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్, ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్లు క్రమంగా సత్తువ ఉడిగిపోవడం చూసి, 1974లో దానికి ‘బర్న్‌అవుట్’ అనే పేరు పెట్టి వ్యాసం రాశాడు. ఆ మాట జర్మనీలో ఇంటింటి మాటైంది. అక్కడి ప్రఖ్యాత హాస్యనటుడు హాపె కెర్కెలింగ్‌కు ఉన్నట్టుండి ఒక చెవి వినికిడి తగ్గింది, పిత్తాశయం తీసేయాల్సి వచ్చింది. శరీరం ఇక చాలన్నాక, 2001 వేసవిలో అతను ఫ్రాన్స్ సరిహద్దు ఊరు సాఁ-జాఁ-ప్యే-ద్-పోర్ నుంచి బయల్దేరాడు. దారి దాదాపు 800 కిలోమీటర్లు. అలవాటు లేని నడక, వాన, పొక్కులెక్కిన పాదాలు. మధ్యమధ్య బస్సు, రైలు ఎక్కిన సంగతి కూడా దాచుకోలేదు.

ఆ దినచర్య 2006లో పుస్తకమైంది. పేరు ‘ఇష్ బిన్ డాన్ మాల్ వెక్’, అంటే ‘సరే, నేనలా వెళ్తున్నా’ అని. లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. శాంటియాగో నమోదుల్లో జర్మన్ల సంఖ్య ఆ ఏడు 8 వేల పైచిలుకు. మరుసటి ఏడు 13 వేలు దాటింది. దర్శకురాలు యూలియా ఫోన్ హైన్స్ దాన్ని అదే పేరుతో తీసిన సినిమా 2015 డిసెంబరులో విడుదలైంది. హాపెగా డేవిడ్ స్ట్రీజో, తోటి యాత్రికురాలు స్టెల్లాగా మార్టినా గెడెక్ నటించారు. నవ్వించడమే వృత్తైన మనిషి నవ్వించలేని స్థితికి రావడం దీని మూలం. అయినా సినిమా వేదాంతం చెప్పడానికి తొందరపడదు. ఒంటరిగా ఉండాలనుకున్నవాడు నెమ్మదిగా పక్కవాళ్ల కష్టం వినడం మొదలుపెడతాడు. నడుస్తూండగా చిన్నతనం, పెంచిన నాయనమ్మ గుర్తుకొస్తారు. నడకకున్న ఈ గుణాన్ని ఇంత సాదాగా చూపడమే దాని బలం.

దారిలో ఎత్తైన చోట, దాదాపు 1,500 మీటర్ల దగ్గర, పొడవాటి కొయ్య స్తంభం మీద చిన్న ఇనుప శిలువ ఉంటుంది. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న రాయిని యాత్రికులు దాని మొదలు దగ్గర దించి పోతారు. అలా పడ్డ రాళ్లు అక్కడ గుట్టయ్యాయి. కొన్నింటి మీద పేర్లుంటాయి, కొన్నింటి మీద ఏమీ ఉండదు. శాంటియాగో చేరాక యాత్రికుల కార్యాలయంలో సత్రాల ముద్రలు పడ్డ చిన్న పుస్తకం చూపాలి. కనీసం 100 కిలోమీటర్లయినా నడిచి, భక్తి కోసమో ఆత్మశాంతి కోసమో వచ్చామన్నవాళ్లకు లాటిన్‌లో రాసిన పత్రమిస్తారు. వేరే కారణం చెప్పినవాళ్లకు వేరే పత్రముంది.