లేపాక్షి కప్పుమీద దాతల బొమ్మలు

లేపాక్షి వీరభద్రాలయపు చిత్రాలను గురించి వ్రాసేవారు సాధారణంగా దేవతలతో ప్రారంభిస్తారు. నేను ఆ బొమ్మలు వేయించిన మనుషులతో ప్రారంభిస్తాను. అర్ధమంటపం కప్పుమీద ఎత్తు కుళ్ళాయిలు ధరించి, పరివారంతో నిలబడి, విభూతి అందుకుంటున్న ఇద్దరు పెద్దమనుషులున్నారు. వారిని విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములుగా గుర్తిస్తున్నారు. విరుపణ్ణ అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో పెనుకొండలో అధికారి. అంటే ఇది దాత తన రూపాన్ని తానే వేయించుకున్న చిత్రమన్నమాట.

భక్తితో వేయించుకున్నాడంటారు. కాదనను. కాని దేవుడి ముందు నిలబడటానికి భక్తి చాలు. నిలబడినట్టు కప్పుమీద శాశ్వతంగా వ్రాయించుకోవటానికి అధికారమూ, బొక్కసమూ కావాలి.

ఆ బొమ్మలో పోలిక ఎంత? పోలిక పట్టటం ఆనాటి చిత్రకారులకు తెలియనిది కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేయిస్, రాజభవన ద్వారం దగ్గర కృష్ణదేవరాయల బొమ్మా, ఆయన తండ్రి బొమ్మా చూసి, తండ్రి నల్లనివాడనీ, కొడుకుకంటె స్థూలకాయుడనీ వ్రాసిపెట్టుకున్నాడు. ఒక పరదేశి బొమ్మ చూసి ఇంత చెప్పగలిగాడంటే, వేసినవాడు మనిషిని చూసి వేశాడనే అనుకోవాలి. తిరుమలలో రాయలకూ ఇద్దరు దేవేరులకూ పోతపోసిన విగ్రహాలమీద మాత్రం పేర్లు చెక్కవలసి వచ్చింది.

లేపాక్షిలో ముఖాలు చాలావరకు ఒకే అచ్చు: పక్కనుంచి కనిపించే కోటేరువేసిన ముక్కు, సాగిన కన్ను, ఎర్రని నేలమీద నల్లని గీత. మనిషికీ మనిషికీ తేడా కుళ్ళాయిలో, నగలో, బట్టలో ఉంది. దాత కోరింది తన పోలిక కాదు, తన హోదా. చిత్రకారుడు సరిగ్గా అదే వ్రాసిచ్చాడు.

ఐతే అతని చూపు నిజంగా నిలిచిన చోటు వేరే ఉంది. ఒక ఏడు మా విద్యార్థులను హిందూపురం మీదుగా అక్కడికి తీసుకువెళ్ళాను. అందరూ మహాకాయుడైన వీరభద్రుణ్ణి చూస్తుంటే, ధర్మవరంలో నేతపని ఇంట పుట్టిన ఒక అమ్మాయి స్త్రీమూర్తుల చీరలు చూస్తూ నిలబడిపోయింది. "ఈ గళ్ళు పడుగులో పట్టినవి, పేకలో పట్టినవి రెండూ ఉండాయి సార్. నేసేది తెలిసినోడే ఏసినాడు" అంది. కాసేపాగి, "ఆయన పేరేంది సార్?" అని అడిగింది. వేయించినవాడి పేరు శాసనాల్లో ఉంది, వేసినవాడి పేరు లేదని చెప్పాను.

ధర్మవరం చీరల అంచులు లేపాక్షి కప్పునుంచి దిగివచ్చాయని మనవాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. తర్వాతి కాలంలో నేతవారు అక్కడి నమూనాలు తీసుకుంటే తీసుకుని ఉండవచ్చు. కాని మొదటి అప్పు ఎవరిది? కప్పుమీదికి ఎక్కకముందు ఆ చారలూ గళ్ళూ ఎవరి మగ్గంమీదనో ఉండే ఉంటాయి. చిత్రకారుడు నేతగాడిని చూసి నేర్చాడనటం నాకు సబబుగా తోస్తుంది. మన కళాచరిత్ర ఈ వరుసను తలకిందులు చేసి, గుడినుంచి మగ్గానికి కళను దానంగా ఇప్పించింది.

ఇక అందరికీ తెలిసిన కథ. రాజు అనుమతి లేకుండా బొక్కసం సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని విరుపణ్ణమీద నేరం వచ్చిందనీ, రాజు కళ్ళు తీయించకముందే అతడే తీసి గోడకు కొట్టాడనీ చెబుతారు. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమంటపం దగ్గర ఎర్రని మరకలు చూపిస్తారు. ఇది చరిత్ర అని నేను అనను. కాని జనం ఎన్నుకున్న ప్రశ్న గమనించండి: సొమ్ము ఎవరిది? జనం నోట అది రాజు సొమ్ముగానే మిగిలిపోయింది. (నాట్యమంటపం కప్పుమీద ఆవుదూడకు సైతం న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ ఉండటం వేరే సంగతి.)

విజయనగర కాలపు శాసనాల్లో మగ్గంమీద పన్ను కనిపిస్తుంది. పెనుకొండ బొక్కసానికి రైతు శిస్తుతోపాటు అదీ చేరే ఉంటుంది. ఆ గళ్ళచీర నేసినవాడు కప్పుకు పన్నూ కట్టాడు, నమూనా కూడా ఇచ్చాడు. కుళ్ళాయిల పెద్దమనుషుల పక్కన పరివారంలో సైతం అతనికి చోటు లేదు.