ఆర్థర్ మర్ఫీ: రంగస్థలం నుండి న్యాయస్థానం వరకు - గ్రంథస్వామ్య వివాదంలో ఒక రచయిత పాత్ర

1. ఉపోద్ఘాతం

పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల సాహిత్యచరిత్రలో ఆర్థర్ మర్ఫీ (1727-1805) పేరు ఎక్కువగా శామ్యూల్ జాన్సన్ మిత్రబృందంలో ఒకరిగానే వినిపిస్తుంది. అయితే రచనపై హక్కు ఎవరిది, ఎంతకాలం అన్న ప్రశ్న ఇంగ్లండులో తేలిన సందర్భంలో నాటకకర్త, బారిస్టరు అయిన ఈ ఐరిష్ రచయితకు గణనీయమైన పాత్ర ఉంది. ఆ కోణంలో ఆయన జీవితాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గుమాస్తా, పత్రికా రచయిత, నటుడు

మర్ఫీ ఐర్లండులోని రాస్‌కామన్ ప్రాంతంలో జన్మించారు. డబ్లిన్ వర్తకుడైన తండ్రి 1729లో సముద్రయానంలో మరణించారు. ఫ్రాన్సులోని సెయింట్ ఓమర్ జెసూట్ కళాశాలలో చదివిన మర్ఫీ కార్క్‌లోనూ, లండనులోనూ గుమాస్తాగా పనిచేసి, 1752లో ‘గ్రేస్ ఇన్ జర్నల్’ పత్రికను ప్రారంభించారు. అందులో ఒక ఫ్రెంచి పత్రికలోని కథను ఆంగ్లంలోకి అనువదించి ప్రచురించారు. ఆ ఫ్రెంచి కథ జాన్సన్ ఆంగ్ల రచనకే అనువాదమని తరువాత తెలిసింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లడంతో వారి స్నేహం మొదలైంది.

అప్పుల భారంతో మర్ఫీ 1754లో కోవెంట్ గార్డెన్ రంగస్థలంపై ఒథెల్లో పాత్ర ధరించారు. 1756లో ప్రదర్శితమైన ‘ది అప్రెంటిస్’ అనే ప్రహసనం ఆయనకు కొంత ఊరటనిచ్చింది.

3. న్యాయవాద వృత్తిలో ప్రవేశం

రంగస్థలం కడుపు నింపింది గాని, మరో తలుపు మూసింది. నటుడిగా పనిచేశాడన్న కారణంతో మిడిల్ టెంపుల్ న్యాయవాద సంస్థ ఆయనకు ప్రవేశం నిరాకరించింది. ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తోడ్పాటుతో లింకన్స్ ఇన్‌లో చేరి, 1762లో బారిస్టరయ్యారు.

4. గ్రంథస్వామ్య వివాదం

1710 నాటి చట్టం కొత్త గ్రంథాలకు 14 ఏళ్ల హక్కును, రచయిత జీవించి ఉంటే మరో 14 ఏళ్ల హక్కును ఇచ్చింది. ఈ గడువుతో నిమిత్తం లేకుండా తమ హక్కు శాశ్వతమని లండను పుస్తక వ్యాపారులు వాదించారు. జేమ్స్ థామ్సన్ కావ్యం ‘ది సీజన్స్’ పునర్ముద్రణపై వచ్చిన మిల్లర్-టేలర్ వ్యాజ్యంలో మర్ఫీ ప్రతివాది టేలర్ పక్షాన వాదించారు. 1769లో తీర్పు శాశ్వతహక్కుకే అనుకూలంగా వచ్చింది. ఆ పక్షం వహించిన న్యాయమూర్తులలో మాన్స్‌ఫీల్డ్ ఒకరు. తనకు వృత్తిలో దారి చూపిన వ్యక్తి ఎదుటే మర్ఫీ ఓడిపోయారు.

అదే కావ్యంపై ఎడిన్‌బరో పుస్తక వ్యాపారి అలెగ్జాండర్ డొనాల్డ్‌సన్ వివాదం ప్రభువుల సభకు చేరినప్పుడు, ఆయన తరఫు న్యాయవాదులలో మర్ఫీ కూడా ఉన్నారు. 1774 ఫిబ్రవరి 22న సభ శాశ్వతహక్కును తిరస్కరించింది. చట్టం విధించిన గడువు తీరిన గ్రంథాన్ని ఎవరైనా ముద్రించవచ్చునని తేలింది.

న్యాయవాది వాదం కక్షిదారుని కోసమే కాబట్టి, దానిని మర్ఫీ సొంత అభిప్రాయంగా తీసుకోలేము. అయినా కలంతో బతికిన వ్యక్తి శాశ్వతహక్కుకు ఎదురు నిలవడం గమనార్హం. ఆ హక్కు రచయిత పేరిట వినిపించినా, ఈ వ్యాజ్యాలలో దాని ఫలం కోరినవారు హక్కులు కొనుక్కున్న వ్యాపారులు. థామ్సన్ 1748లోనే మరణించారు.

5. ముగింపు

మర్ఫీ 1788లో న్యాయవాద వృత్తిని విరమించారు. 1793లో టాసిటస్ రచనల అనువాదాన్ని నాలుగు సంపుటాలుగా వెలువరించారు. అప్పులు మాత్రం వార్ధక్యంలోనూ వీడలేదు. 1803లో ఏటా 200 పౌన్ల రాజభృతి లభించింది. రెండేళ్లకే ఆయన మరణించారు. ఆయన నాటకాలు నేడు అరుదుగా కనిపిస్తాయి. గ్రంథస్వామ్యానికి కాలపరిమితి ఉండాలన్న సూత్రం మాత్రం నేటికీ నిలిచి ఉంది. ఆ సూత్రం స్థిరపడిన చరిత్రలో మర్ఫీకి చోటు దక్కాలి.